గ్రీన్ కార్డు వరుసలో మన పిల్లలు



ఆదివారం ఆరాధనలో ప్రార్థనాంశాలు చదివేటప్పుడు ఈ మధ్య మన పల్లె సంఘాలలో కూడా ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "అమెరికాలో ఉన్న మా అబ్బాయికి గ్రీన్ కార్డు త్వరగా రావాలని ప్రార్థించండి" అని. ఐదేళ్ల క్రితం ఆ మాట చెప్పిన తల్లే ఈ సంవత్సరం కూడా అదే చెబుతుంది. వినేవారికి సందేహం కలగడం సహజం. "పెద్ద చదువు చదివాడు, మంచి ఉద్యోగం ఉంది, పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నాడు, ఇంకా కార్డు రాకపోవడమేమిటి? ఏదైనా పొరపాటు చేశాడా? లేక ఊరికి రావడం ఇష్టంలేక ఇదొక సాకుగా చెబుతున్నాడా?" అని బంధువులు చెవులు కొరుక్కుంటారు. కొన్ని ఇళ్లలో ఈ సందేహం తండ్రీకొడుకుల మధ్య మాటలు కూడా తగ్గించింది.

అందుచేత ఈ నెల మన శీర్షికలో ఆ ఆలస్యం ఎక్కడ పుడుతున్నదో, దానివలన అక్కడి ఇంటిలో ఏమి జరుగుతున్నదో, ఇక్కడ ఊళ్ళో ఉన్న మనం ఏమి చేయవచ్చునో వివరంగా తెలుసుకుందాం.

గ్రీన్ కార్డు అంటే ఏమిటి?

అమెరికాలో శాశ్వతంగా నివసించడానికి ఆ ప్రభుత్వం ఇచ్చే అనుమతినే గ్రీన్ కార్డు అంటారు. అది పౌరసత్వం కాదు. కార్డు వచ్చిన తరువాత సాధారణంగా ఐదు సంవత్సరాలు అక్కడ నివసించినవారు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మన పిల్లలు ఎక్కువమంది మొదట ఉద్యోగానికి హెచ్-1బి అనే వీసా మీద ఉంటారు. అది ఒక్కసారికి మూడేళ్లు, మొత్తం మీద ఆరేళ్లు. కంపెనీ గ్రీన్ కార్డుకు ప్రయత్నం మొదలుపెట్టి ఉంటే, 2000వ సంవత్సరంలో వచ్చిన చట్టం ప్రకారం ఆరేళ్లు దాటినా దానిని పొడిగించుకుంటూ పోవచ్చు. అందుకే కార్డు లేకపోయినా పది, పదిహేనేళ్లు అక్కడ ఉండగలుగుతున్నారు. అయితే ఆ ఉండడం ఉద్యోగమిచ్చిన కంపెనీకి కట్టివేసిన ఉండడం. గ్రీన్ కార్డు వస్తే ఆ కట్టు విడిపోతుంది. ఎక్కడైనా పని చేసుకోవచ్చు, సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు, ఉద్యోగం పోయినా దేశం విడిచి పోనక్కరలేదు.

మూడు మెట్లు

ఉద్యోగం ద్వారా కార్డు పొందడానికి మూడు మెట్లున్నాయి. మొదట కంపెనీవారు ఆ పనికి తగిన అమెరికావారు దొరకలేదని అక్కడి కార్మికశాఖకు చూపించాలి. రెండవది, అదే కంపెనీవారు "ఈ వ్యక్తి మాకు కావాలి" అని వలస శాఖకు అర్జీ పెట్టాలి. మూడవది, ఆ వ్యక్తి తనకూ, భార్యకూ, పిల్లలకూ కార్డు ఇమ్మని సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి.

మొదటి రెండు మెట్లకూ కొన్ని నెలలు మొదలు రెండేళ్ల దాకా పట్టవచ్చు. రెండవ మెట్టు దగ్గర అదనపు రుసుము కడితే త్వరగా చూసే ఏర్పాటు కూడా ఉన్నది. అసలు ఆలస్యం అక్కడ లేదు. రెండవ మెట్టుకూ మూడవ మెట్టుకూ మధ్య ఉన్నది. మొదటి మెట్టులో కార్మికశాఖకు కాగితం అందిన తేదీని 'ప్రయారిటీ డేట్' అంటారు. వరుసలో మన చోటు అదే. ఆ తేదీకి వంతు వచ్చేవరకు మూడవ దరఖాస్తు పెట్టడానికే వీలులేదు. ఎంత డబ్బు కట్టినా, ఎంత పెద్ద వకీలును పెట్టుకున్నా ఆ వరుసలో ముందుకు జరగడం కుదరదు.

పుట్టిన దేశం లెక్క

ఈ వరుస ఎందుకింత పొడుగైంది? 1990లో వచ్చిన వలస చట్టం ప్రకారం ఉద్యోగం ద్వారా సంవత్సరానికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఇవి పనివారికి మాత్రమే కాదు, వారి భార్యాపిల్లలకు కూడా కలిపి. నలుగురున్న ఇంటికి నాలుగు కార్డులు ఆ లెక్కలోనే ఖర్చవుతాయి. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా నూటికి ఏడు వంతులు మించకూడదని నియమం. అంటే సుమారు 9,800. ఇతర దేశాలవారు వాడుకోగా మిగిలినవి కొన్ని మనవారికి వస్తాయి గాని, అవి ప్రతి ఏటా వస్తాయన్న నమ్మకం లేదు.

మనకు అర్థమయ్యే రీతిలో చెప్పుకుందాం. రేషను డిపోకు నూరు బస్తాలు వచ్చాయి. ఊళ్ళో పదిహేను వీధులున్నాయి. ఏ వీధికీ ఏడు బస్తాలకు మించి ఇవ్వరాదని డీలరుకు ఆజ్ఞ ఉన్నది. పది ఇళ్ల వీధివారు ఆ రోజే తీసుకొని పోతారు. ఐదు వందల ఇళ్ల వీధివారు మాత్రం నెలల తరబడి నిలబడాలి. ఆ పెద్ద వీధివారిలో తప్పేమీ లేదు, డీలరు మోసమూ చేయడం లేదు. వీధి పెద్దదైంది, కొలత ఒక్కటే అయింది. నూట నలభై కోట్లకు పైగా జనమున్న ఇండియాకూ, కొన్ని లక్షల జనమున్న చిన్న దేశానికీ పైహద్దు ఒక్కటే.

ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. మన గుంటూరులోనో ఖమ్మంలోనో పుట్టిన వ్యక్తి తరువాత కెనడా పౌరుడైనా సరే, ఇండియా వరుసలోనే నిలబడాలి. భార్య వేరొక దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆమె దేశపు వరుసలో ఇద్దరూ నిలబడవచ్చు. గల్ఫు దేశంలో తల్లిదండ్రులు పని చేస్తుండగా అక్కడ పుట్టిన మన ఆడపిల్లల వలన కొన్ని కుటుంబాలకు ఇలా దారి దొరికింది.

ఈ నియమం మన మీద ద్వేషంతో పుట్టినది కాదు. ఒకప్పుడు ద్వేషపు చట్టాలే ఉండేవి. 1917లో వచ్చిన చట్టం ఆసియాలో చాలా భాగం నుండి వలసనే నిషేధించింది. 1946లో ఇండియాకు ఏడాదికి నూరుగురికి మాత్రం తలుపు తెరిచారు. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ న్యూయార్కులో స్వేచ్ఛా విగ్రహం దగ్గర సంతకం చేసిన చట్టం జాతిని బట్టి కోటా నిర్ణయించే పద్ధతిని తీసివేసి, ఏ దేశమూ మొత్తాన్ని తీసుకొనిపోకుండా దేశాలవారీ హద్దు పెట్టింది. సమానత్వం కోసం పెట్టిన ఆ కొలతే, మనవారు వేలాదిగా సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు వెళ్లిన తరువాత మన పిల్లల మీద భారమై కూర్చున్నది.

ముందుకూ వెనక్కూ నడిచే తేదీలు

అమెరికా విదేశాంగశాఖ ప్రతి నెలా ఒక పట్టిక ప్రకటిస్తుంది. ఏ తరగతిలో, ఏ దేశంవారికి, ఏ తేదీ వరకు వంతు వచ్చిందో అందులో ఉంటుంది. పై చదువు కావలసిన ఉద్యోగాలవారిది రెండవ తరగతి, డిగ్రీ ఉద్యోగాలవారిదీ నర్సులదీ మూడవ తరగతి. 2025 ఆగస్టు పట్టికలో ఇండియా వారికి రెండవ తరగతిలో ఉన్న తేదీ 2013 జనవరి 1. మూడవ తరగతిలో 2013 మే నెల. చాలా ఇతర దేశాలవారికి అదే రెండవ తరగతిలో 2023 వచ్చేసింది.

అంటే పన్నెండేళ్లకు పైగా నిలబడినవారి వంతు అప్పుడు నడుస్తున్నదన్నమాట. ఈనాడు వరుసలో చేరే కుర్రవాడికి కూడా పన్నెండేళ్లే అనుకోకూడదు. 2013 తరువాత చేరినవారు లక్షల మంది అతని ముందున్నారు.

పైగా ఈ తేదీ ఎప్పుడూ ముందుకే నడవదు. అర్జీలు ఎక్కువైతే వెనక్కు కూడా పోతుంది. 2007 జూలైలో జరిగిన సంగతి మన పిల్లలు నేటికీ చెప్పుకుంటారు. ఆ నెల పట్టికలో దాదాపు అందరూ దరఖాస్తు పెట్టుకోవచ్చునని ప్రకటించారు. వైద్యపరీక్షలు చేయించుకొని, వకీళ్లకు రుసుములు కట్టి, కాగితాలు సిద్ధం చేసుకున్నారు. జూలై 2న "కార్డులు అయిపోయినవి, తీసుకోము" అన్నారు. మనవారు రాళ్లు వేయలేదు. ఆ ముందటి ఏడు విడుదలైన 'లగే రహో మున్నాభాయ్' చిత్రంలో చూపిన గాంధీ మార్గాన్ని తలచుకొని, వలస శాఖ అధిపతికి వందలాది పూలగుత్తులు పంపించారు. ఆయన ఆ పూలను సైనిక ఆసుపత్రిలో ఉన్న రోగులకు పంపించారు. జూలై 17న ప్రభుత్వం తన మాట మార్చుకొని, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకున్నది. అయినా ఆ దరఖాస్తులు పెట్టినవారిలో చాలామంది కార్డు చేతికి రావడానికి మళ్ళీ సంవత్సరాలు ఆగారు.

ఇంకొకటి వినండి. 2020లో కరోనా వలన కాన్సులేట్లు మూతబడి కుటుంబ వీసాలు మిగిలిపోయాయి. ఆ మిగిలినవి చట్టం ప్రకారం ఉద్యోగాలవారికి చేరడంతో ఆ తరువాతి ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,62,000 కార్డులు అందుబాటులోకి వచ్చాయి. కాని 2021 సెప్టెంబరు 30 నాటికి కార్యాలయాలు వాటన్నిటినీ పూర్తి చేయలేకపోయాయి. 66,000కు పైగా కార్డులు ఎవరికీ అందకుండా మురిగిపోయాయి. గడువు దాటితే వాటిని మరుసటి ఏడు ఆ వరుసలోనివారికి ఇవ్వడానికి చట్టంలో వీలులేదు.

చట్టం మార్చే ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. ఉద్యోగాల గ్రీన్ కార్డులలో దేశాలవారీ హద్దు తీసివేసే బిల్లును 2019 జూలైలో అక్కడి ప్రతినిధుల సభ 365 – 65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపంలో ఆమోదించింది. రెండూ ఒక్కటి కాకుండానే సభ కాలం ముగిసింది. ఎదురు వాదన కూడా తెలుసుకోవడం న్యాయం. మొత్తం సంఖ్య పెంచకుండా హద్దు మాత్రమే తీసివేస్తే కొన్నేళ్లపాటు కార్డులలో ఎక్కువ భాగం ఇండియా వారికే పోయి, ఫిలిప్పీన్సు నర్సులవంటివారు ఆగవలసి వస్తుందని వారి భయం. బస్తాలు పెంచకుండా వరుస మారిస్తే ఒకరి ఆకలి ఇంకొకరికి పోతుందే గాని తీరదు.

వరుసలో ఉన్న ఇల్లు

ఈ అంకెల వెనుక ఉన్న ఇంటిని చూద్దాం.

ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవారికి సాధారణంగా 60 రోజుల గడువు. ఆ లోపల వేరొక కంపెనీ తీసుకోవాలి, లేదా వేరే అనుమతి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఇంటికి అప్పు ఉన్నా, పిల్లలు పరీక్షలు రాస్తున్నా ఆ లెక్క మారదు. "కంపెనీలో ఎలా ఉందిరా?" అని మనం అడిగితే అబ్బాయి మాట తప్పించడానికి కారణం ఒక్కోసారి ఇదే.

భార్య సంగతి చూడండి. ఎంత చదివినా భర్త వీసా మీద వెళ్లిన ఆమె ఒకప్పుడు పని చేయడానికి వీలులేదు. 2015 మే 26 నుండి, భర్త అర్జీ రెండవ మెట్టు దాటి ఉంటే ఆమె కూడా అనుమతి తీసుకొని పని చేయవచ్చు. అయినా ఆమె ఉండడం భర్త వీసా మీదనే ఆధారపడి ఉన్నది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతలో హైదరాబాదు ఇంజనీరు ఒకరిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. అంత్యక్రియలకు భర్త దేహంతో ఇండియాకు వచ్చిన ఆ ఇల్లాలికి, భర్త పోవడంతోనే తనకు అక్కడ ఉండే హక్కు కూడా పోయిందని తెలిసింది. అక్కడి కాంగ్రెసు సభ్యుడు కలుగజేసుకొని సహాయం చేస్తేనే ఆమె తిరిగి వెళ్లి ఉండగలిగింది.

పిల్లల సంగతి మరీ బాధాకరం. రెండేళ్ల వయసులో తల్లి చంకన ఎక్కి వెళ్లిన పిల్ల అక్కడే బడికి పోయి, అక్కడి మాటే మాట్లాడుతూ పెరుగుతుంది. ఇరవై ఒకటో ఏడు నిండితే ఆమె తండ్రి వరుసలో నుండి జారిపోతుంది. 2002లో వచ్చిన ఒక చట్టం అర్జీ పరిశీలనకు పట్టిన కాలాన్ని వయసులో నుండి తగ్గిస్తుంది గాని, దేశం హద్దు వలన ఆగిన సంవత్సరాలను తగ్గించదు. అప్పుడామె విదేశీ విద్యార్థి వీసా తీసుకోవాలి, లేదా తాను ఎరుగని ఇండియాకు రావాలి. అక్కడే పుట్టిన తమ్ముడు పుట్టుకతోనే పౌరుడు, ఇక్కడ పుట్టిన అక్క పరాయిది. ఒకే ఇంటిలో ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నవారి మధ్య ఇంత భేదం.

ఇక "పండుగకైనా రాలేదు" అన్న మాట. వీసా మీద ఉన్నవారు దేశం దాటి వస్తే, పాస్‌పోర్టులో ఉన్న ముద్ర గడువు తీరి ఉంటే, మళ్ళీ కాన్సులేటులో ఇంటర్వ్యూకు పోయి కొత్త ముద్ర వేయించుకొంటేనే తిరిగి వెళ్లగలరు. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి వారి సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలించాలన్న నియమం రావడంతో, ఆ నెలలో ఇంటర్వ్యూ తేదీలు ఉన్న చాలామందికి అవి నెలల తరబడి వాయిదా పడ్డాయి. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినవారిలో కొందరు భార్యాపిల్లలు అక్కడ, తాము ఇక్కడ చిక్కుకుపోయారు. రాకపోవడానికి ప్రేమ లేకపోవడమే కారణం కాదని దీనినిబట్టి గ్రహించాలి.

మన మిషను ఆసుపత్రులలో శిక్షణ పొందిన నర్సులను కూడా మరువరాదు. నర్సు పనికి అక్కడ కొరత ఉన్నందున మొదటి మెట్టు వారికి అక్కరలేదు. కాని దేశం వరుస తప్పదు. వారికి హెచ్-1బి దొరకడం అరుదు కనుక చాలామంది ఇక్కడో గల్ఫులోనో పని చేసుకుంటూ ఎదురుచూడవలసిందే.

ఊళ్ళో ఉన్న మనం చేయవలసినవి

1. ఫోను చేసిన ప్రతిసారీ "కార్డు వచ్చిందా?" అని అడగవద్దు. ఒక్కసారి "నీ ప్రయారిటీ డేట్ ఎంత, ఏ తరగతి?" అని అడిగి డైరీలో రాసుకోండి. అతని వంతు దగ్గరలో ఉన్నదో దూరంలో ఉన్నదో మీకే తెలుస్తుంది. తరువాత పిల్లల సంగతులు మాట్లాడుకోవచ్చు.

2. "కార్డు వచ్చాకనే పెళ్లి" అనే పట్టుదల మంచిది కాదు. కార్డు చేతికి రాకముందే వివాహమైతే భార్య కూడా భర్త వరుసలోనే, భర్త తేదీతోనే కార్డుకు అర్హురాలు. కార్డు వచ్చిన తరువాత వివాహమైతే ఆమె వేరొక వరుసలో కొన్నేళ్లు ఆగాలి. ఆడపిల్లవారూ ఇది గమనించాలి. "గ్రీన్ కార్డు సంబంధం" అని చెప్పి కట్నం పెంచేవారిని ఆ మాట మీదనే రెండు ప్రశ్నలు అడగండి.

3. "లక్షలిస్తే వరుస ముందుకు జరిపిస్తాము" అనే ఏజెంట్లను గుమ్మం ఎక్కనివ్వవద్దు. అలా జరపడం ఎవరి చేతిలోనూ లేదు. తప్పుడు కాగితాలు పెడితే ఉన్న చోటు కూడా పోతుంది.

4. ఉద్యోగం మారితే అంతా పోయిందని కంగారుపడవద్దు. రెండవ మెట్టు ఆమోదం పొందిన తరువాత, మోసం బయటపడితే తప్ప, సాధారణంగా పాత తేదీ అతనితోనే ఉంటుంది. కొత్త కంపెనీవారు మొదటి రెండు మెట్లు మళ్ళీ ఎక్కవలసి ఉంటుంది, అంతే.

5. "కార్డు రాగానే మమ్మల్ని తీసుకుపోతాడు" అని పొలం అమ్మి కూర్చోవద్దు. గ్రీన్ కార్డు ఉన్న కొడుకు తల్లిదండ్రులకు కార్డు అడగలేడు. అతడు పౌరుడైన తరువాతనే ఆ వీలు. పౌరుల తల్లిదండ్రులకు సంఖ్య హద్దు లేదు. అంతవరకు చూసి రావాలంటే సందర్శకుల వీసా ఉన్నది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే వెళ్లి రండి. రాలేని కొడుకును తలచుకొని బాధపడేకంటే, వెళ్లగలిగిన కాళ్లతో వెళ్లడం మేలు.

6. పెద్దవారి అనారోగ్యం గురించి ముందుగానే మాట్లాడుకోండి. ఆసుపత్రిలో సంతకం ఎవరు చేయాలి, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, కబురు ఎప్పుడు పంపాలి అన్నది తల్లిదండ్రులూ, ఇక్కడున్న కూతురూ అల్లుడూ, అక్కడున్న కొడుకూ కలిసి నిర్ణయించుకోవాలి. చివరి ఘడియలో "నీవు రాలేదు" అన్న నింద జీవితాంతం మిగులుతుంది. ముందు మాట్లాడుకున్న ఇంటిలో ఆ నిందకు చోటుండదు.

7. తిరిగి వచ్చేస్తానంటే "నలుగురిలో తలవంపులు" అనవద్దు. పదిహేనేళ్లు వరుసలో నిలబడి, ఇక చాలునని పిల్లలతో ఇంటికి వచ్చేవాడు ఓడిపోయినవాడు కాడు. వాడికి కావలసినది ఇక్కడ ఒక గది, నిందలేని ఒక పూట భోజనం.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఇలాంటి ఇళ్లలో వృద్ధ దంపతులు ఇద్దరే ఉంటున్నారు. వారి పేర్లు ప్రార్థనాంశాలలో చదవడంతో ఆపక, వారానికి ఒకసారి యువజనులలో ఎవరైనా వెళ్లి మందులు తెచ్చిపెట్టడం, బ్యాంకుకు తోడు వెళ్లడం, ఫోనులో మనవల ముఖాలు చూపించడం చేస్తే ఆ ఆలస్యపు భారంలో కొంత మనం కూడా మోసినవారమవుతాము.

వచ్చే నెల మరొక కుటుంబ విషయంతో కలుసుకుందాం.